ఒక్క చేత్తో తెరిచే కత్తి

రాజీ కొలిమి కాడికి వచ్చిననాడు ఆమె భుజాన గాలి పోయిన లారీ ట్యూబు ఏలాడుతున్నది. లంగా అంచుల పొంటి ఇంకా నీళ్లు కారుతున్నయి. కొడకండ్ల సడక్ మీద ఆమెను చూసినోడల్ల ఆగి నవ్విండు. ఆమెకు మాత్రం నవ్వే ఓపిక లేదు. నడుముల చెక్కుకున్న కత్తిని గుంజి, కత్తిని చేతిల నుంచి చేతికి ఇయ్యొద్దంటరు గనుక కొలిమి ముందల నేల మీద పెట్టి, "అన్నా, గీ కత్తి ఇయ్యాల నన్ను నీళ్లల్ల ముంచుతుండె" అన్నది.

కనకయ్య తల ఎత్తలేదు. మిరుగం కార్తె దగ్గరికొచ్చింది. రైతులు నాగలి కర్రులు, గుంటుక పాసలు ముందల పెట్టుకొని కొలిమి చుట్టు కూసున్నరు. వాన పడకముందే అందరికీ కావాలె, అందరికీ అందరికంటె ముందుగాల కావాలె. కనకయ్య బండ మీద కూసోని, ఎర్రగ కాలిన కర్రును పట్టుకారుతోటి దాగలి మీద పెట్టి, చిన్న సుత్తెతోటి ఒక జాగల టింగుమని తాకిస్తున్నడు. ఎదురుంగ నిలబడ్డ ఆయన భార్య కనకలక్ష్మి సమ్మెట లేపి సరిగ్గ ఆ జాగలనే ధన్నుమని దించుతున్నది. కమ్మరోళ్ల పని తీరే అది. కూసున్నోడు చూపిస్తడు, నిలబడ్డామె కొడతది. కర్రు మంచిగ సాగితె కూసున్నోని చెయ్యి మంచిదంటరు. నిలబడ్డామె చెయ్యి గురించి ఎవ్వలూ ఏమీ అనరు. చెమటలు మాత్రం ఆమెకే.

"ఏమైంది రాజీ?" అన్నది కనకలక్ష్మి సమ్మెట దించి.

రాజీది ఊరవతల గుట్టకింది తండా. పెనిమిటి హరిలాల్ పూణెకు కూలికి పోయిండు. తండా కుంటల చేపలు పట్టి అంగడిల అమ్ముకునేది ఈమే. పడవ లేదు, తెప్ప లేదు. గాలి కొట్టిన లారీ ట్యూబు మీద ఒరిగి కూసోని, కాళ్లతోటి నీళ్లు తన్నుకుంట కుంట నడుమకు పోతది, వల ఏస్తది, తీస్తది.

"వల తుమ్మ మొద్దుకు చిక్కింది అక్కా. ఎడమ చేత వల పట్టుకొని, కుడి చేత నడుముల కత్తి గుంజిన. మొన పోయి ట్యూబుకు తాకింది. బుస్సుమన్నది చూడు, పామే అనుకున్న. ఒడ్డేమో ఏడనో ఉన్నది. చప్పబడే ట్యూబును చంకల పెట్టుకొని, వల ఇడువకుంట, కాళ్లు తన్నుకుంట తన్నుకుంట వచ్చిన. ఈత రాకపోతె రేపు మీరంత నా దినాలకు వస్తుంటిరి."

రైతులు పకపక నవ్విండ్రు. కనకలక్ష్మి నవ్వలేదు. బుస్సుమనే ట్యూబు ఆమె కండ్ల ముందల తిరిగింది.

"నాకు మడత కత్తి కావాలె అన్నా" అన్నది రాజీ. "ముడిస్తె వాదర బయటికి కనవడొద్దు. ఒక్క చేత్తోనే తెరవాలె. రెండో చెయ్యి వల మీదుంటది. చేతులు తడిగ ఉంటయి, జిగటగ ఉంటయి, అయినా జారొద్దు. మిరుగానికి ముందే కావాలె. మిరుగం నాడు చేప తినని ఇల్లుంటదా? నా ఏడాది బతుకంత ఆ నాలుగు రోజులల్లనే ఉన్నది."

"మడత కత్తులు కమ్మరోళ్లు చేస్తరా?" కనకయ్య కర్రును మల్ల బొగ్గులల్ల గుచ్చిండు. "జాతరల దొరుకుతయి. కొనుక్కో పో."

"కురవి జాతరల కొన్న. నెలకే తుప్పు పట్టింది. పండ్లతోటి గుంజి తెరుసుడాయె. కత్తి తెరుసుకోలే గని పన్ను కదిలింది."

"అయితె మిరుగం పోయినంక రా, చూద్దాం."

"మిరుగం పోయినంక నాకెందుకు అన్నా?"

కనకయ్య ఇంకో కర్రును అందుకున్నడు. ఆయన చెడ్డోడేం కాదు, చేతినిండ పని ఉంటె మనిషి గట్లనే అయితడు. రాజీ ట్యూబును మల్ల భుజానేసుకొని తిరగబోయింది. కనకలక్ష్మికి లోపట ఏమైందో ఏమో, సమ్మెటను గోడకు ఆనించి, "ఏదీ, నీ కుడి చెయ్యి చూపియ్యి" అన్నది.

రాజీ చెయ్యి చాపింది. కనకలక్ష్మి చీపురుపుల్ల ఇరిసి అరచెయ్యి ఎడల్పు కొలిసింది. ఇంకో పుల్లతోటి బొటనేలు పొడుగు కొలిసింది. పిడికిలి బిగియ్యమని, బొటనేలు ఎంత దూరం కదులుతదో చూసింది. ఆమె చేతులు అట్ల ఒక మనిషి చెయ్యిని కొలుసుడు అదే మొదలు.

"నేను చేస్త" అన్నది.

కనకయ్య పట్టుకారు ఆగింది. ఒక ముసలి రైతు బీడీ తీసి, "కనకయ్యా, నీ కూసునే బండకు ఎసరొచ్చెరో" అన్నడు. మల్ల నవ్వులు. కనకయ్య గూడ నవ్విండు గని, ఆ నవ్వు మూతి దాకనే వచ్చింది.

"చెయ్యనీ" అన్నడు. "నా పని మాత్రం ఆగొద్దు."

కనకలక్ష్మి తల ఊపింది. ఆమెకు కావాల్సింది పెద్దదేం కాదు. పెండ్లయిన కాడి నుంచి సమ్మెట కొట్టింది. చుట్టు ఊర్లల్ల ఆమె దెబ్బ పడని నాగలి లేదు. కాని మొదలు నుంచి ఆఖరు దాక తన చెయ్యే పడ్డ వస్తువు, గిది కనకలక్ష్మి చేసింది అని నలుగురు అనే వస్తువు, ఒక్కటి కూడ లేదు. ఆ ఒక్కటి కావాలె. అంతే.

ముందుగాల ఇత్తనాల డబ్బా అట్ట కత్తిరించి కత్తి చేసింది. అట్ట కత్తి, అట్ట పిడి, నడుమ గుండుసూది. అన్నం ఉడుకుతుంటె పొయ్యి ముందల కూసోని తెరుసుడు, ముడుసుడు. పిడి పొట్టిగైతె మొన బయటికి వస్తున్నది. పొడుగైతె రాజీ పిడికిట్ల పట్టదు. అట్టలు కత్తిరించి కత్తిరించి ఇల్లంత చెత్త చేసింది. అన్నం మాడింది. కనకయ్య మాడిన అన్నం తినుకుంట, "గీ కత్తి తయారయ్యే దాక మనం బతుకుతమా?" అన్నడు. ఆమెకు ఇనవడితె గద.

పగలు భోజనమైనంక కనకయ్య జర నడుం వాలుస్తడు. రైతులు గూడ చెట్ల కిందికి పోతరు. ఆ ఎండపూట కొలిమి ఆమెది. పాత లారీ కమాన్ కట్ట ముక్క ఒకటి తీసి బొగ్గులల్ల పెట్టి, మోటరు పంకా ఏసి, మొదటిసారి ఆ బండ మీద తను కూసున్నది. బండ చల్లగ లేదు, ఉడుకుడుకుగ ఉన్నది. ఎవ్వలన్న చూస్తున్నరేమోనని సడక్ దిక్కు చూసింది. కుక్క తప్ప ఎవ్వలు లేరు. ఎడమ చేత పట్టుకారు, కుడి చేత చిన్న సుత్తె.

మొదటి దెబ్బకే చెడ్డది. ఏండ్ల సంది సమ్మెట మోసిన చెయ్యి గద, చిన్న సుత్తెను గూడ సమ్మెట లెక్కనే దించింది. కత్తి కావాల్సిన ముక్క అప్పడమై కూసున్నది. ఆమెకు నవ్వొచ్చింది. "ఓసి నీ బలం పాడుగాను" అని తన చెయ్యినే తిట్టుకొని, ఇంకో ముక్క పెట్టింది. ఈసారి సుత్తెను తేలిగ్గ పట్టింది. పసిపిల్ల ఈపు తట్టినట్టు తట్టింది. ఇనుము సాగింది. ఎటు రమ్మంటె అటు వచ్చింది. అబ్బ, ఆ సంబురం ఏం చెప్పాలె. ఇనుము తన మాట ఇంటున్నదని తెలిసిన ఆ ఘడియల కనకలక్ష్మికి ఎండ లేదు, దూప లేదు, ఇల్లు లేదు, వాకిలి లేదు.

కత్తి మొనను గుండ్రంగ చేసింది. వలకు మొనతోటి ఏం పని? ట్యూబుకు మాత్రం మొన అంటె పగ. వాదర దిక్కు ఆకురాయితోటి రాకింది. కత్తి నడుమ, బొటనేలు తాకే జాగల, పాత తాళంకప్ప నుంచి తీసిన ఇత్తడి చీల బిగించింది. అది నూగు గింజ కంటె జర పెద్దగ పైకి లేసి ఉంటది. దాన్ని బొటనేలుతోటి నూకితె కత్తి తెరుసుకోవాలె. చీలలు దూరే తొర్సలు ఎదురుంగ వెల్డింగు షాపుల వేయించింది.

ఇగ పిడి. కట్టెదైతె నీళ్లకు ఉబ్బుతది, కత్తి ఇరుక్కుంటది. అందుకని రాజీతోటి తండా నుంచి బర్రె కొమ్ము తెప్పించింది. కొమ్మును నిప్పుల మీద కాపి, మెత్తగైనంక రెండు బండల నడుమ పెట్టి ఒత్తింది. ఆ కమురు వాసన ఉన్నది చూడు, సడక్ అవతలి దాక పోయింది. చాయ్ హోటల్ ఐలేశ్ ముక్కుకు తువాల కట్టుకొని వచ్చిండు.

"వదినా, ఏం కాలుస్తున్నవ్? నా చాయ్ తాగెటోళ్లంత పారిపోతున్నరు."

"జర ఓర్సుకో ఐలేశ్. కత్తి తయారైనంక నీకే మొదలు చూపిస్త."

"చూపియ్యకున్నా ఏం కాదు గని, ఈ వాసన ఆపు తల్లీ" అని పోయిండు.

మిగిలింది పట్టీ. మడత కత్తికి ప్రాణమంత దాంట్లనే ఉంటది. పిడి వెనుక వెన్నుపూస లెక్క సన్నటి ఇనుప పట్టీ ఉంటది. కత్తి తెరిస్తె అది వచ్చి కత్తి మడమను నొక్కి పడతది, మనం ముడిస్తె వంగి దారి ఇస్తది. కమాన్ ముక్కనే సన్నగ సాగగొట్టి, వెంట్రుక వాసి తేడా లేకుంట రాకి, పట్టీ చేసింది. కత్తిని ఎర్రగ కాపి నీళ్లల్ల ముంచింది. సుయ్యిమన్నది. పట్టీని ముంచాల్నా వద్దా అని ఒక్క చిటికెసేపు ఆగింది. కాలం చేసిన అత్తమ్మ మాట యాదికొచ్చింది. నీళ్లు తాగని ఇనుము కొలిమి గడప దాటొద్దు అనేది ఆమె. ఈ ఇంట్ల గొడ్డలి అయినా కొడవలి అయినా నీళ్లు తాగే బయటికి పోయింది. పట్టీ ఏం పాపం చేసింది? దాన్ని గూడ నిలువున ముంచింది. సుయ్యిమన్నది.

చీలలు కొట్టి అన్నీ ఒక్కటి చేసి, బొటనేలు పెట్టి నూకింది. కత్తి తెరుసుకొని "టక్"మన్నది.

ఆ చప్పుడు ఇన్నంక ఆమె ముడిసింది, తెరిచింది. ముడిసింది, తెరిచింది. బకెట్ల చెయ్యి ముంచి తెరిచింది. చేతికి సబ్బు పూసుకొని తెరిచింది. కండ్లు మూసుకొని తెరిచింది. పక్కింటామె చేపలు కడుగుతుంటె పోయి, ఆ జిగట నీళ్లల్ల చెయ్యి పెట్టి మరీ తెరిచింది. "ఏమైందే నీకు?" అన్నది పక్కింటామె. "ఏం కాలే" అని కనకలక్ష్మి నవ్వుకుంట ఉరికొచ్చింది. ఆ సాయంత్రం ఆమె చపాతీలు గూడ లెక్క లేకుంట చేసింది.

కనకయ్య కత్తిని చేతిలకు తీసుకున్నడు. తెరిచిండు. ముడిసిండు. మల్ల తెరిచిండు. పిడి మీద ఆమె కాల్చిన సూదితోటి పెట్టిన గీతలను బొటనేలుతోటి తడిమిండు. మంచిగున్నదనలే, బాగలేదనలే. జేబుల ఏసుకొని చాయ్ హోటల్‌కు పోయిండు.

తెల్లారి కనకలక్ష్మి ఒక్కతే కూసోని కర్రును ఆకురాయితోటి రాకుతుంటె సడక్ అవతలి నుంచి మాటలు ఇనవడ్డయి. కనకయ్య చాయ్ తాగ పోయిండు. చుట్టు పదిమంది ఉన్నరు. టక్, టక్ అని తెరుసుకుంట ముడుసుకుంట చెప్తున్నడు. "మా తాత చేసెటోడు గిసొంటివి. చేతిల ఉన్న పని యాడికి పోతది? జర యాది చేసుకోవాలె, గంతే."

"నీ చెయ్యి అంటె మాటలా కనకయ్యా" అన్నడు ఐలేశ్. కమురు వాసన ఎవలి చేతుల నుంచి వచ్చిందో అప్పుడే మర్చిపోయిండు పుణ్యాత్ముడు.

సొమ్మొకనిది, సోకొకనిది. కనకలక్ష్మి చేతిల ఆకురాయి ఆగిపోయింది. చెవులు ఉడుకెక్కినయి. లేసి పోయి అందరి ముందల అది నేను చేసిన అందామనుకున్నది. కాని పదిమందిల పెనిమిటి పరువు తియ్యాల్నంటె కాలు కదలదు. పల్లె బుద్ధి అంటరో, ఆడదాని బుద్ధి అంటరో, ఏదన్న అనుండ్రి. కూసున్న కాడనే కూసున్నది.

రాజీ కత్తి తీసుకపోవ వచ్చినప్పుడు గూడ అంతే. కనకయ్యనే నేల మీద పెట్టి ఇచ్చిండు. "మా ఇంటిది ఏదో గీకింది గని, ఆఖరికి నేను చెయ్యి పెడితెనే అయింది" అన్నడు. రాజీ కత్తి తెరిచి చూసి, చిన్నపిల్ల లెక్క గంతేసింది. ఆ సంబురంల ఎవ్వలు గీకిండ్రో, ఎవ్వలు చెయ్యి పెట్టిండ్రో అడగలేదు. "బతికిచ్చినవ్ అన్నా" అని దండం పెట్టి పోయింది.

ఆ పూట కనకలక్ష్మి కంచంల అన్నం పెట్టి, ఎదురుంగ కూసున్నది.

"నువ్వు చెయ్యి పెట్టిన్నంటివి. ఏడ పెట్టినవ్?"

కనకయ్య ముద్ద నోట్ల పెట్టుకున్నడు. "నువ్వేంది, నేనేంది? కొలిమి ఒక్కటే గద."

"గట్లయితె నేను చేసిన్నని చెప్పుడుకు నీకేమైతుండె?"

ఆయన చారు పొయ్యమని గిన్నె చూపిచ్చిండు. ఆమె పోసింది.

మిరుగానికి ముందటి అంగడి నాడు కొడకండ్ల కిటకిటలాడుతున్నది. ఎండు మిరపకాయలు, కొత్త చాటలు, పలుపులు, ఇత్తనాలు. కొలిమి ముందల మనుషులు నిలవడ జాగ లేదు. ఆ మంది నడుమ నుంచి మోటరుసైకిలు హారను కొట్టుకుంట వచ్చి ఆగింది. నడిపింది రాజీ మరిది చత్రు. ఎనుక కూసున్న రాజీ కుడిచేతి చూపుడు ఏలుకు గుడ్డపేలిక సుట్టి ఉన్నది.

ఆమె దిగి వచ్చి కత్తిని నేల మీద పెట్టింది. కత్తి పిడి నుంచి ఏలాడుతున్నది, పీనుగు చెయ్యి లెక్క. పట్టీ నడుమకు ఇరిగింది.

"గిదేనా అన్నా నీ పని?" రాజీ గొంతు అంగడంత ఇనవడ్డది. "పొద్దుగాల కుంట నడుమల ఉన్న. తాడు కోస్తుంటె ఫట్టుమన్నది. కత్తి ఎనుకకు ముడుసుకొని ఏలు తెగింది. రేపే మిరుగం. మావోళ్లంత నా వల కోసం చూస్తున్నరు. నేనిప్పుడు ఏం చెయ్యాలె?"

మంది కొలిమి దిక్కు తిరిగింది. చాయ్ గ్లాసు పట్టుకొని ఐలేశ్ గూడ వచ్చిండు. కనకయ్య మొకం ఎర్రగైంది. అందరి చూపులు ఆయన మీదనే ఉన్నయి. ఇరిగిన పట్టీ దిక్కు చూసిండు, రాజీ ఏలు దిక్కు చూసిండు.

"నేను చేసింది కాదు" అన్నడు. "ఆమె చేసింది. మొత్తం ఆమెనే చేసింది. నేను ఒక్క చెయ్యి గూడ పెట్టలే."

ఇగ ఇక్కడ ఇంకో ఆడామె అయితె ఏడుస్తుండె. లేకపోతె పెనిమిటిని పట్టుకొని కడిగేస్తుండె. కనకలక్ష్మికి ఆ రెండూ రాలేదు. ఆ మాట చెవుల పడంగనె పెయ్యంత జల్లుమన్నది. మొత్తం ఆమెనే చేసింది. ఊరంత ఇన్నది. అంగడంత ఇన్నది. ఐలేశ్ ఇన్నడు. ఎన్నడన్న ఇంటనా అనుకున్న మాటను పెనిమిటి నడి అంగడిల గొంతెత్తి చెప్పిండు. ఆమెకు తెలువకుంటనే నవ్వొచ్చింది.

"నా ఏలు తెగితె నవ్వుతున్నవా అక్కా?" రాజీ కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"నీ ఏలుకు కాదు చెల్లె, తప్పు తియ్యకు." కనకలక్ష్మి సమ్మెట పక్కకు పెట్టి ముందలికి వచ్చింది. మంది దిక్కు తిరిగి, అంగడిల కూరగాయలు అమ్మెటోళ్లంత గట్టిగ చెప్పింది. "అవును, నేనే చేసిన. పిడి నేనే, కత్తి నేనే, ఇరిగిన పట్టీ గూడ నేనే. పొద్దు గూకకముందు మల్ల చేసిస్త. ఎవ్వలన్న చూస్తమంటె నిలవడుండ్రి."

మంది నిలవడ్డది. ఉత్తగనే తమాషా దొరికితె పోతరా ఎవ్వలన్న?

ఆమె ఇరిగిన పట్టీని ఎండకు పెట్టి చూసింది. ఇరిగిన జాగ తెల్లగ, చక్కెర పలుకుల లెక్క మెరుస్తున్నది. ఇనుము మంచిదే. కమాన్ కట్ట ఏండ్ల తరబడి లారీ కింద వంగి లేసి, వంగి లేసి ఇరగలేదు. తన చేతిలకు వచ్చి నాలుగు రోజులకే ఎందుకు ఇరిగింది? తిప్పి తిప్పి చూసింది. తెలుస్తలేదు. ఇందాక గట్టిగ అన్న మాట ఇప్పుడు మెడకు చుట్టుకున్నది. మంది చూస్తనే ఉన్నరు. ఎక్కడనో ఒకడు కిసుక్కుమన్నడు.

కనకయ్య వచ్చి పక్కకు కూసున్నడు. పట్టీ తీసుకొని చూసిండు. చూసి, మెల్లగ, ఆమెకే ఇనవడేటట్టు అన్నడు.

"నీళ్లల్ల ముంచినవా?"

"ముంచిన. అత్తమ్మ చెప్తుండె గద, నీళ్లు తాగని ఇనుము గడప దాటొద్దని."

"అవ్వ గొడ్డండ్లకు చెప్పింది. నీ స్ప్రింగులకు చెప్పిందా?" ఆయన మూతి పక్కకు నవ్వు తిరిగింది. "తాగిందంత కడుపుల ఉంచుకుంటె పలుకు బారి పగులుతది. రాళ్లు కొట్టెటోళ్ల ఉలికి నేను పదును ఎట్ల పెడత? నీళ్లు తాపిచ్చినంక మల్ల జర కాపి కక్కియ్యాలె. నిప్పుల మీద రంగులు పారుతయి చూడు. ఉలికి బెల్లం రంగుల ఆపుత. నీ పట్టీ వంగాలె గనుక ఇంక ముందుకు పోనియ్యి. నీలం రాంగనె తియ్యి. దాటితె మల్ల మెత్తబడతది."

ఆమె ఆయన మొకం దిక్కు చూసింది. ఇందాక అందరి ముందల ఇడిసిపెట్టిన మనిషి, ఇప్పుడు పక్కకు కూసోని పని చెప్తున్నడు. కోపం రావాలె. వచ్చింది గూడ. కాని నీలం రంగు అన్న మాట దానికంటె ముందు ఉరికింది లోపట.

"పంకా నువ్వు చూస్తవా?" అన్నది.

ఆయన మోటరు బంద్ చేసిండు. మూలకున్న పాత చెయ్యి పంకా గుంజి, తిప్పుడు మొదలుపెట్టిండు. సన్నగ గాలి కావాలంటె మోటరు పనికి రాదు, అది ఆయనకే ఎరుక. ఆమె బండ మీద కూసున్నది. మంది ముందల, పట్టపగలు, అంగడి నాడు కూసున్నది. కొత్త పట్టీని సాగగొట్టింది, రాకింది, తొర్స వేయించి తెచ్చింది. ట్రాక్టరోళ్ల పాత ఇంజను ఆయిలు ఒక డబ్బల పోసుకొని, సన్నటి పట్టీకి నీళ్లు మరీ చురుకని, ఎర్రగ కాలిన దాన్ని నీళ్లకు బదులు ఆ ఆయిలుల ముంచింది. భగ్గుమని మంట లేసింది. ముందల వరుసల ఉన్నోళ్లు ఎనుకకు దుంకిండ్రు. చత్రు అయితె మోటరుసైకిలు ఎనుకకు పోయి దాక్కున్నడు.

పట్టీని ఇసుకతోటి రుద్ది తెల్లగ మెరిపిచ్చి, పట్టుకారుతోటి నిప్పుల పైన పట్టింది. కనకయ్య పంకాను నిద్రపోయే పిల్లకు ఇసిరినట్టు తిప్పుతున్నడు. మొదలు ఎండుగడ్డి రంగు కొసకు వచ్చింది, మెల్లగ పాకింది. దాని ఎనుక బెల్లం రంగు. దాని ఎనుక వంకాయ రంగు. కనకలక్ష్మి నీలం కోసం చూస్తున్నది. ఇంక రాలేదు, ఇంక రాలేదు. పట్టుకారును జర పైకి లేపింది, జర జరిపింది. పట్టీ నడుమ వంకాయ రంగు కరిగి, మబ్బు పోయినంక ఆకాశం తేరినట్టు నీలం తేలింది. ఆ నీలం కొస దాక పోంగనె పట్టీని పక్కకు తీసింది.

చల్లారినంక పట్టీని పట్టుకార్ల నడుమ పెట్టి వంచింది. మంది కండ్లు మూసుకున్నరు. పట్టీ వంగింది. ఇడిసింది. పట్టీ మల్ల నిటారుగ లేసింది. ఇంక ఎక్కువ వంచింది. లేసింది. రాజీ ముందుకొచ్చి నోటి మీద చెయ్యి పెట్టుకున్నది.

చీలలు కొట్టి కత్తిని బిగిచ్చేసరికి పొద్దు వాలింది. ఈసారి చప్పుడు వేరే ఉన్నది. టక్‌కు బదులు ముద్దగ, నిండుగ "ఠప్పు"మన్నది. గీ చప్పుడుకు, మొదటి చప్పుడుకు ఎంత తేడా ఉన్నదో కనకలక్ష్మి మనసుకే తెలుసు. మొదటిది గాజు లెక్క మోగింది. అప్పుడే అర్థం కావాల్సింది.

ఐలేశ్ చాయ్ గ్లాసులు కడిగే టబ్బు తెచ్చి పెట్టిండు. రాజీ ఎడమ చేత నైలాను తాడు గట్టిగ పట్టుకొని నీళ్లల్ల ముంచింది. కుడి చెయ్యి గూడ ముంచి, కత్తి పట్టి, నీళ్ల లోపటనే బొటనేలు నూకింది. ఠప్పు. తాడు రెండు ముక్కలై పైకి తేలింది. ముడిసింది, మల్ల తెరిచింది. మల్ల కోసింది. తెగిన ఏలు మండుతున్నా ఆగలేదు. ఐలేశ్ టబ్బు నిండ తాడు ముక్కలే.

"ఇయ్యాలనే పోయి వల ఏస్త" అన్నది రాజీ. ఆమె మొకం వెలిగిపోతున్నది. "తెల్లారి మీ ఇంటికి కొర్రమీను వస్తది."

ఐలేశ్ తడి చేతులు తువాలకు తుడుసుకుంట, "ఎవ్వలేమన్నా, కనకయ్య చెయ్యి కనకయ్య చెయ్యే" అన్నడు.

కనకయ్య పంకా పిడి ఇడిసి లేసి నిలవడ్డడు. గొంతు సవరిచ్చుకున్నడు. పాత అలవాటు, యాడికి పోతది? "మరేమనుకున్నవ్" అన్నడు. "మా తాతల నుంచి..."

"ఆగు అన్నా" అన్నది రాజీ. కత్తి ముడిసి కొంగుల కట్టుకుంట, తాపీగ అన్నది. "ఇరిగిందని తెస్తె, మొత్తం అక్కనే చేసింది, నేను చెయ్యి గూడ పెట్టలేదంటివి. ఇంకా పొద్దన్న గూకలే. అప్పుడే నీదాయెనా?"

అంగడంత గొల్లుమన్నది. ఐలేశ్ టబ్బు మీద పడి నవ్విండు. కనకయ్య కాసేపు అటూ ఇటూ చూసిండు. ఎటు చూసినా నవ్వే ఉన్నది. ఆఖరికి ఆయనకు గూడ నవ్వొచ్చింది. తల గోక్కున్నడు.

"ఆమెదే" అన్నడు. "రంగు చెప్పింది మాత్రం నేనే."

"అది మాత్రం నిజం" అన్నది కనకలక్ష్మి.

చత్రు మోటరుసైకిలు ఎనుక నుంచి బయటికి వచ్చిండు. వాడు గూడ కుంటల గాలాలు ఏసేటోడే. కనకయ్య ముందలికి పోయి, "నాకు గూడ ఒకటి చేస్తవా అన్..." అనబోయి ఆగిండు. తిరిగి, బండ మీద కూసున్నామె దిక్కు చూసిండు.

"నాకు గూడ ఒకటి చేస్తవా అక్కా?" అన్నడు.

"చేస్త" అన్నది కనకలక్ష్మి.